అనుమతి కోరుతున్నారు

గడియారాల షాపాయన చనిపోయేటప్పుడు ఆయన చేతిలో ఉన్న గడియారం చక్కగా నడుస్తోంది.

బూడిదరంగు కోటు మనిషి ఒకడు లోపలికి వచ్చి దాన్ని కౌంటర్ మీద పెట్టాడు. బయట చినుకులు. చేతిలోని గొడుగు మూయలేదు.

"ఆగిపోయింది, చూడండి," అన్నాడు.

షాపాయన కంటికి భూతద్దం తగిలించుకుని వెనక మూత విప్పాడు. లోపల చక్రాలన్నీ తిరుగుతున్నాయి. తల ఎత్తకుండానే ఆయనకు విషయం అర్థమైంది. కుడిచెయ్యి బల్ల కిందికి జారింది.

"వద్దు," అన్నాడు బూడిద కోటు. "దానికేం కాలేదు. ఆగాల్సింది నీది."

సైలెన్సర్ తగిలించిన పిస్తోలు తుమ్మినంత చప్పుడు కూడా చేయలేదు. గోడ మీది గడియారాలు ఎవరి టైము వాళ్లదిగా కొట్టుకుంటూనే ఉన్నాయి. బూడిద కోటు తన గడియారం తాను తీసుకుని, మూత బిగించుకుని, గొడుగుతో సహా వెళ్లిపోయాడు.

షాపాయన శత్రు రాజధానిలో మన మనిషి. ఏళ్ల తరబడి అక్కడే కాపురం చేసి, అక్కడే జుట్టు నెరిసినవాడు. ఆయన ఫైలును ఎవరూ దొంగిలించలేదు. ఎవరూ ఫొటో తీయలేదు. ఫైలు తనంతట తానే తలుపు తీసుకుని బయటికి నడిచి వెళ్లింది.

అదీ కథ.

* * *

"కూర్చో," అన్నాడు పెద్దాయన.

"నిలబడే వింటాను సార్."

"నీ ఇష్టం. ఎప్పుడు మా మాట విన్నావు గనక."

పెద్దాయన అంటే డిపార్ట్‌మెంట్ చీఫ్. ఆయన బల్ల మీద ఫోన్లు వరసగా ఉంటాయి, పనిచేసేది ఒక్కటే. మిగతావి హోదా కోసం. ఎదురుగా నిలబడ్డవాడిని అందరూ 'మొండి' అంటారు. ఫీల్డ్ ఏజెంట్. నలభై దాటాయి. ప్రమోషన్ గుమ్మం దాకా వచ్చినప్పుడల్లా ఏదో ఒక ఆర్డర్ మీద 'నేను ఒప్పుకోను' అని రాసి దాన్ని వీధి చివరిదాకా తరిమేసిన మనిషి.

గదిలో మూడో మనిషి తాళాలావిడ. డిపార్ట్‌మెంట్ కంప్యూటర్లన్నిటికీ తాళాలు వేసేది ఆవిడే. కళ్లజోడు ఎప్పుడూ కళ్లకు ఉండదు, నెత్తి మీద ఉంటుంది.

"షాపాయన్ని ఎవరు అమ్మేశారు?" అడిగాడు మొండి.

"అమ్మలేదు. అచ్చు మార్చారు," అంది తాళాలావిడ.

"మామూలు భాషలో చెప్పండి."

"మన కాగితాలన్నీ ఎక్కడుంటాయి? చావడిలో. అవునా?"

చావడి అంటే డిపార్ట్‌మెంట్ అంతా కలిసి పనిచేసుకునే ప్లాట్‌ఫామ్. రిపోర్టులు, ఫొటోలు, ఏజెంట్ల ఆచూకీలు సమస్తం అందులోనే.

"చావడిలో ప్రతి కాగితానికీ ఒక కంటెంట్ టైప్ ఉంటుంది," అంది ఆవిడ. "అచ్చు అనుకో. 'గుప్తం' అనే అచ్చులో పోసిన కాగితం ఎవరికీ కనపడదు. 'పరిచయం' అచ్చులో పోసింది భాగస్వామి దేశాలన్నిటికీ కనపడుతుంది. వేల కాగితాలు తెరవక్కర్లేదు, తాళాలు పగలగొట్టక్కర్లేదు. గుప్తం అచ్చులోకి వెళ్లి, 'ఎవరికి కనిపించాలి' అన్నచోట ఒక్క మాట మార్చి, 'కింద ఉన్నవాటన్నిటికీ వర్తించు' అని నొక్కితే చాలు."

"మా ఆవిడ టైలరు," అన్నాడు మొండి. "కొలత కాగితం మారిస్తే ఇకముందు కుట్టే చొక్కాలే మారతాయి. తొడుక్కున్నవాడికేం కాదు."

"ఇక్కడ తొడుక్కున్నవాడి ఒంటి మీదే మారుతుంది. మారడం కూడా కాదు, ఊడిపోతుంది. గుప్తం కింద దేశానికొక చిన్న అచ్చు ఉంది. ఆ దేశానికి షాపాయన ఒక్కడే. ముందు ఆ చిన్నదాన్ని మార్చి చూశారు. పనిచేస్తుందా లేదా అని."

"ట్రయల్," అన్నాడు మొండి.

"ట్రయలే," అంది ఆవిడ. "నేను కనిపెట్టేసరికి ఆయన లేడు."

పెద్దాయన పనిచేయని ఫోన్ ఒకటి సర్దుకున్నాడు.

"పగడం దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది," అన్నాడు చివరికి. పగడం డబుల్ ఏజెంట్. ఎనిమిదో అంతస్తు వాళ్ల జీతం మీద మన పని చేస్తుంది. ఎనిమిదో అంతస్తు అంటే ఆ విదేశీ ముఠా. వాళ్ల ఆఫీసు ఉన్న బిల్డింగుకి ఏడే అంతస్తులు. ఎనిమిదోది ఎక్కడుందో నేటికీ ఎవరికీ తెలియదు. పెద్దాయన చీటీ చదివాడు. "'వాళ్లకి కాగితాలు అక్కర్లేదు. అచ్చు కావాలి. సభ రోజున. మీ లోపలి మనిషి నొక్కుతాడు.'"

సభ అంటే వచ్చే వారం, సముద్రం ఒడ్డు హోటల్లో భాగస్వామి దేశాల సమావేశం. పెద్దాయన వేదిక మీద నుంచి చావడిని తెరిచి, 'కరచాలనం' అనే బటన్ నొక్కుతాడు. ఇంతవరకు భాగస్వాములు ఒక్కొక్కటిగా వెతుక్కుని చూసే కాగితాలన్నీ ఆ క్షణంలో ఒకేసారి వాళ్ల తెరల మీదికి వెళతాయి. సరిగ్గా దానికి ముందు గుప్తాన్ని మార్చేస్తే? లోకంలో ఎక్కడెక్కడో ఉన్న మన మనుషులందరి ముఖాలూ, అడ్రసులూ అక్కడున్న అందరి ఒళ్లోనూ పడతాయి. భాగస్వాముల్లో ఎనిమిదో అంతస్తు మనిషి ఎవడో ఒకడు ఉండనే ఉంటాడు.

బయటపడే మన మనుషుల్లో మొండి బావమరిది కూడా ఉన్నాడు. తన సోఫా మీద నెలల తరబడి పడుకుని టీవీ రిమోట్ వదలని వాడిని, చూడలేక డిపార్ట్‌మెంట్‌లో చేర్పించింది అతనే. ఇప్పుడు వాడు మరో శత్రు దేశపు సైనిక కార్యాలయంలో లిఫ్టుల మెకానిక్. భార్యకి మాత్రం 'మీ తమ్ముడు లిఫ్టులు అమ్ముతున్నాడు' అని చెప్పాడు.

"గుప్తానికి తాళం లేదా?"

"రెండు రకాలున్నాయి," అంది తాళాలావిడ. "ఒకటి రీడ్-ఓన్లీ. అది వేసే ఉంది. కానీ ఫుల్ కంట్రోల్ ఉన్నవాడు ఎవడైనా ఆ టిక్ తీసేస్తాడు. లోపల్నుంచి వేసుకునే గడియ లాంటిది. లోపలున్నవాడే దొంగైతే దాని బతుకెంత? రెండోది సీల్. అది పడితే పై తాళంచెవి ఉన్నవాడు తప్ప ఇంకెవడూ ముట్టుకోలేడు."

"ఫుల్ కంట్రోల్ ఎవరికుంది?"

"సెక్షన్ అధిపతులందరికీ."

"అందరికీ ఎందుకు?"

ఆవిడ నవ్వలేదు. "ఒకాయనకి ఇచ్చాం, పని కోసం. ఇంకొకాయన అలిగి కాఫీకి రావడం మానేశాడు. ఆయనకీ ఇచ్చాం. అలా అందరికీ. లాగ్‌లో ఎవరు మార్చారో చూద్దామంటే 'అధిపతులు' అని ఒకే పేరుంటుంది. విడివిడిగా పెడితే ఎవరి పేరు పైన ఉండాలని గొడవొచ్చింది."

"అయ్యబాబోయ్."

"ఎవరైనా అనుమతి అడిగితే మాత్రం సొంత పేరు, ఫొటో, హోదాతో సహా నేరుగా సార్ స్క్రీన్ మీదికి వస్తుంది. ఇచ్చిన గౌరవం ఎవరికి దక్కిందో తెలియాలిగా."

"పై తాళంచెవి?"

తాళాలావిడ పెద్దాయన వైపు చూసింది. మొండి కూడా చూశాడు. పెద్దాయన ఫోన్ల వైపు చూశాడు.

"అధికారం అన్నాక పైవాడి దగ్గరే ఉండాలి కదా," అన్నాడాయన.

"సార్, మరి ఇప్పుడే సీల్ వేసెయ్యండి. ఒక్క టిక్."

"మీటింగ్ పెడతాను," అన్నాడు పెద్దాయన.

* * *

మీటింగ్ పెట్టాడు. మీటింగ్ అంటే ఏమిటో తెలిసినవాళ్లకి జరిగింది చెప్పక్కర్లేదు. పొడవాటి బల్ల చుట్టూ సెక్షన్ అధిపతులు. ఒక్కొక్కరి ముందు ఒక్కో నీళ్ల సీసా.

"నా హక్కు తీసేస్తానంటే నేనేం గంగిగోవునా ఊరుకోడానికి?" అన్నాడు రవాణా ఆయన.

"గుప్తంలో 'అధిపతి అభిప్రాయం' అనే కాలమ్ పెట్టింది నేను. రేపు దాన్ని మార్చాలంటే ఈవిణ్ణి అడుక్కోవాలా?" అన్నాడు శిక్షణ ఆయన, తాళాలావిడ వైపు చెయ్యి విసురుతూ.

"ఆ కాలమ్‌లో ఇంతవరకు ఎవరూ ఏమీ రాయలేదు," అంది ఆవిడ.

"రాయకపోవడం వాళ్ల ఇష్టం. ఉండడం నా హక్కు!"

మొండి బల్ల మీద అరచేయి ఆనించాడు. "ఒక మనిషి చచ్చాడండీ. ఎవరికైనా గుర్తుందా? మీరు మార్చక్కర్లేని దాన్ని మార్చే హక్కు మీకెందుకు? మార్చనప్పుడు ఉంటే ఎంత, ఊడితే ఎంత?"

"నువ్వెవరు మాకు చెప్పడానికి?"

"చెప్పేవాణ్ణే. మీరు వినేవాళ్లు కాకపోవచ్చు."

గోలలో ఒకే ఒక్క గొంతు మెత్తగా లేచింది. ఉపాధిపతిది. ఆయన్ని ఆఫీసులో 'తేనె' అంటారు. అటెండర్ని కూడా 'అన్నా' అని పిలుస్తాడు. జేబులో ఎప్పుడూ దగ్గుబిళ్లలు, అడగకుండానే పంచుతాడు.

"తమ్ముడు చెప్పింది అక్షరాలా కరెక్టు," అన్నాడు తేనె. "సీల్ వెయ్యాల్సిందే. కాకపోతే సభ ముందు వేస్తే ఏదైనా అటూ ఇటూ అయితే మన సార్ పరువు పోతుంది. సభ అయిన మర్నాడే వేద్దాం. నేను దగ్గరుండి వేయిస్తాను. ఏమంటావ్ తమ్ముడూ?"

"ఇప్పుడే అంటాను."

"అందుకే నీకా పేరు," అని నవ్వి ఒక దగ్గుబిళ్ల బల్ల మీద దొర్లించాడు.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. తీర్మానం: సభ తర్వాత. బయటికి వస్తూ పెద్దాయన మొండి భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు అలిసిపోయావు. సెలవు తీసుకో. సభ పని వేరేవాళ్లు చూసుకుంటారు. ఇది ఆర్డర్."

"నేను ఒప్పుకోను సార్."

"సెలవుకి ఒప్పుకోవడం అక్కర్లేదు. ఇచ్చేస్తాం అంతే."

* * *

బేస్‌మెంట్‌లో తాళాలావిడ గది. కేబుళ్లు, ఫ్యాన్ల హోరు, తాగి వదిలేసిన టీ కప్పు.

"సెలవిచ్చారట," అంది.

"మీక్కూడా ఒకటి ఇప్పించనా?"

"నాకు సెలవిస్తే ఈ భవనంలో దీపాలు కూడా వెలగవు." సొరుగు తెరిచి, చక్కెర పలుకంత ఉన్న పరికరం తీసింది. "ఇది సార్ ల్యాప్‌టాప్ పక్కన దూర్చు. ఇదిగో, నువ్వు మెకానిక్ వేషంలో తోసుకెళ్లబోయే కాఫీ మెషీన్ ప్రెషర్ మీటర్. లోపల అంతా మార్చేశాను. ముల్లు తిప్పితే ఆయన స్క్రీన్ మీద బాణం కదులుతుంది, లోపలికి నొక్కితే క్లిక్. ఆయన లాగిన్ అయ్యాకే పనిచేస్తుంది. ఆయన లాగిన్ అయ్యేది వేదిక మీద."

"అప్పుడు బాణం కదలడం హాలంతా చూస్తుందిగా? పెద్ద తెర ఉంటుంది."

"పగడం కూడా అక్కడే ఉంటుంది, తెర సంగతి ఆమెని చూసుకోమను. ఇంకో మాట. సీల్ కింద ఇంకో టిక్ ఉంటుంది. 'పై తాళంచెవి అడ్మిన్‌కి అప్పగించు'. అడ్మిన్ అంటే నేనే. అది కూడా కొట్టు. లేకపోతే ఆయన సాయంత్రానికల్లా సీల్ తీసేస్తాడు. ఎవరో ఒకరు అలుగుతారు కదా."

"నన్ను ఉద్యోగంలోంచి పీకేస్తారు."

"నీకు కొత్తా ఏంటి?" అంది ఆవిడ. తర్వాత కళ్లజోడు నెత్తి మీద నుంచి కళ్లకి దించుకుంది. అది చాలా అరుదు. "షాపాయన ప్రతి ఏడాదీ నాకు ఒక టైమ్ టేబుల్ పంపేవాడు. రైళ్లది. దానిలో రిపోర్ట్ ఉండేది. చివర్లో 'మీ గది గడియారం లేటు' అని రాసేవాడు. ఎలా తెలిసేదో."

మొండి మీటర్ జేబులో వేసుకున్నాడు. ఫోన్ మోగింది. ఇంటి నుంచి.

"ఏమండీ, మా తమ్ముడు ఫోన్ ఎత్తట్లేదు. లిఫ్టులు అమ్మేవాడికి అంత బిజీ ఏమిటి?"

"అమ్మాలంటే ఎక్కి దిగి చూపించాలి కదా. సిగ్నల్ ఉండదు."

"మీ గొంతేంటి అలా ఉంది?"

"దగ్గు."

"దగ్గు కాదు, అబద్ధం. నాకు తెలీదా? వాడికేమైనా అయితే ఈ ఇంట్లో మీకు మంచినీళ్లు కూడా పుట్టవు, చెప్తున్నాను." అవతల కుట్టుమిషన్ ఒక్క దూకు దూకి ఆగింది. "వాడు బద్ధకస్తుడే. కానీ నాకున్నది వాడొక్కడే."

"తెలుసు," అన్నాడు మొండి. "నాకూ వాడొక్కడే."

* * *

సముద్రం ఒడ్డు హోటల్. మధ్యాహ్నం. సర్వీస్ కారిడార్‌లో కాఫీ మెషీన్ కంపెనీ యూనిఫామ్‌లో ఒక మెకానిక్ మెషీన్ ఉన్న ట్రాలీ తోసుకుంటూ వస్తున్నాడు. తెల్లటి మీసాలు, వంగిన నడుము, మెడలో నకిలీ బ్యాడ్జి.

పక్కటెముకల కింద చల్లగా ఏదో తగిలింది.

"చక్కెర వేయాలా మేడమ్?" అన్నాడు వెనక్కి తిరగకుండా.

"తీపి మానేసి చాలాకాలమైంది," అంది ఒక ఆడగొంతు. "చేదు కూడా తగ్గిస్తున్నాను."

కోడ్ కలిసింది. చల్లదనం పోయింది. మొండి తిరిగి చూశాడు. లిప్‌స్టిక్ గొట్టం మూతపెట్టి పర్సులో వేసుకుంటున్న మనిషి. దాంట్లో ఒకే ఒక్క తూటా పడుతుంది. ఒకటి చాలు. పగడపు రంగు స్కార్ఫ్, అదే రంగు పెదవులు, మనిషిని తలుపు తీసినట్టు తీసి చూసే కళ్లు. ఈ సభకి ఆమే వ్యాఖ్యాత. ఎనిమిదో అంతస్తు వాళ్లే ఆ పని ఇప్పించారు.

"మీసాలు ఘోరంగా ఉన్నాయి," అంది పగడం.

"మీసాలకు కూడా గ్రాంట్ లేదన్నారు."

"నిన్ను సెలవులో పంపారని విన్నాను. మరి ఎలా వచ్చావు?"

"సెలవులోనే వచ్చాను."

ఆమె నవ్వు మధ్యలో ఆగిపోయింది. "గుప్తం తెరుచుకుంటే అందులో నా ముఖం కూడా ఉంది. బూడిద కోటు మూడో వరసలో ఉన్నాడు, భాగస్వామి దేశపు బ్యాడ్జితో. ఇందాక నా పక్కనే కూర్చుని భోంచేశాడు. నాకు ఉప్పు అందించాడు."

"నొక్కేవాడెవడు?"

"తెలీదు. మావాళ్లు కూడా పేరు పలకరు. 'మిత్రుడు' అంటారు. మీ అధిపతులందరూ ఒకే వరసలో కూర్చున్నారు, అందరి చేతుల్లోనూ ట్యాబ్లెట్లే. ఎవర్ని పట్టుకుంటావ్?"

"ఎవర్నీ పట్టుకోను. తలుపు మూసేస్తాను. తలుపుకి తల కొట్టుకున్నవాడే దొంగ." ఆమె కళ్లలోకి చూశాడు. "పెద్ద తెరని కాసేపు ఆర్పగలవా?"

"ఎంతసేపు?"

"నువ్వు ఊపిరి బిగబట్టగలిగినంత."

"ఇన్నేళ్లుగా బిగబట్టే ఉన్నాను," అంది పగడం.

* * *

హాలు నిండింది. పెద్దాయన వేదిక మీద. వెనక గోడంత తెర. ఆయన ఉపన్యాసం మొదలుపెట్టి 'సహకారం' అన్న మాట దగ్గర ఆగి, చప్పట్లు వచ్చేదాకా నిలబడ్డాడు.

మొండి ట్రాలీతో వేదిక పక్క మెట్లెక్కాడు. ఎవరూ పట్టించుకోలేదు. కాఫీ తెచ్చేవాడి ముఖం ప్రపంచంలో ఎవడూ చూడడు. డిపార్ట్‌మెంట్ మొత్తానికీ ఇంతకంటే మంచి మారువేషం ఇంకోటి దొరకలేదు. కప్పు పెడుతూ చక్కెర పలుకంత పరికరాన్ని ల్యాప్‌టాప్ పక్కన దూర్చాడు.

"ఇప్పుడు," అన్నాడు పెద్దాయన, "మా చావడిని మీ ముందు తెరుస్తున్నాను." లాగిన్ అయ్యాడు. తెర మీద చావడి ముఖద్వారం. మధ్యలో ఆకుపచ్చ బటన్: కరచాలనం.

అధిపతుల వరసలో తలలు వంగి ఉన్నాయి, ట్యాబ్లెట్ల మీదికి. మూడో వరసలో బూడిద కోటు తన గడియారం చూసుకున్నాడు. అది బాగానే నడుస్తోంది.

"ఒక్క క్షణం!" పగడం మైక్ అందుకుంది. "ప్రొజెక్టర్ వేడెక్కుతోంది, అందరూ క్షమించాలి." రెండడుగుల్లో ప్రొజెక్టర్ దగ్గరికి వెళ్లి, స్కార్ఫ్ తీసి లెన్స్ మీద వేసింది. తెర అంతా పగడపు రంగు. "ఈలోగా పెద్దలు నాలుగు మంచి మాటలు చెబుతారు."

మొండి మీటర్ ముల్లు తిప్పాడు. ల్యాప్‌టాప్ మీద బాణం కదిలింది. సెట్టింగ్స్. కంటెంట్ టైప్స్. గుప్తం. బాణం ఒకసారి జారి పక్కకు పోయింది, పళ్లు బిగించి వెనక్కి తెచ్చాడు. సీల్. టిక్. కింద, పై తాళంచెవి అప్పగింత. టిక్.

'సీల్ చేస్తే ఇకపై ఎవరూ మార్చలేరు. ఖచ్చితమేనా?'

పెద్దాయన మాట్లాడుతూనే ల్యాప్‌టాప్ వైపు చూశాడు. నోరు ఆగిపోయింది. తర్వాత ట్రాలీ వైపు చూశాడు. తెల్ల మీసాల వెనక ఉన్న దవడని గుర్తుపట్టాడు. ఆయన చెయ్యి 'రద్దు చేయి' అన్న బటన్ వైపు లేచింది.

"సార్, కాఫీ," అంటూ మొండి నిండు కప్పు ఆ చేతిలో పెట్టాడు. "అంచుదాకా ఉంది. సలసల మరుగుతోంది. రెండు చేతులతో పట్టుకోండి."

పెద్దాయన రెండు చేతులతో పట్టుకున్నాడు. ఏ మనిషైనా పట్టుకుంటాడు.

"ఏం చేస్తున్నావురా?" అన్నాడు గొంతు తగ్గించి.

"సెలవులో ఉన్నాను సార్. నేనేం చేస్తే మీకెందుకు?"

మీటర్ నొక్కాడు. నీలం గీత ఒకటి స్క్రీన్ మీద పాకడం మొదలుపెట్టింది. తాబేలు నయం. వేల కాగితాలు, ఒక్కొక్కదాని మీద సీల్ పడాలి. సగం. సగం దాటింది. కింద వరసలో ఎక్కడో ఒక వేలు ట్యాబ్లెట్ మీద కదులుతోంది. రీడ్-ఓన్లీ టిక్ తీస్తోంది. 'ఎవరికి కనిపించాలి' దగ్గర 'భాగస్వాములకు' అని రాస్తోంది. గీత చివరికి రాలేదు. మొండికి సోఫా గుర్తొచ్చింది, దాని మీద గుంట పడ్డ చోటు గుర్తొచ్చింది.

గీత చివరంటా వెళ్లి ఆగింది. 'గుప్తం సీల్ చేయబడింది.'

మొండి తల ఊపగానే పగడం స్కార్ఫ్ తీసింది. పెద్ద తెర వెలిగింది.

వెలిగిన తెర మీద, చావడి ముఖద్వారం మధ్యలో, టింగుమంటూ ఒక పెట్టె తెరుచుకుంది. అందులో ఒక ఫొటో. గుండ్రటి ముఖం, తియ్యటి నవ్వు.

'గుప్తం కంటెంట్ టైప్‌ను మార్చడానికి అనుమతి కోరుతున్నారు: ఉపాధిపతి.'

హాలంతా ఆ నవ్వు వైపు చూసింది. తర్వాత అధిపతుల వరసలో అదే ముఖం వైపు చూసింది. ఆ ముఖంలో ఇప్పుడు నవ్వు లేదు. ట్యాబ్లెట్ మీద వేలు ఇంకా అక్కడే ఉంది.

సీల్ పడిన సంగతి అప్పటికి వేదిక కింద కూర్చున్నవాళ్లెవరికీ తెలియదు. ఆ క్షణంలో గుప్తం మీద చెయ్యి వేసినవాడికి మాత్రమే తెలుస్తుంది. 'మీకు ఈ అధికారం లేదు' అని చావడి చెప్పింది. కింద 'అనుమతి కోరు' అన్న బటన్ చూపించింది. ఇరవై ఏళ్లుగా 'నాకెందుకు లేదు' అని అడిగి అడిగి అన్నీ సాధించుకున్న వేలు అది. ఆలోచించకుండా నొక్కేసింది.

"తమ్ముడూ," అన్నాడు తేనె మెల్లగా లేచి నిలబడుతూ, "ఇది పొరపాటు..."

బూడిద కోటు కూడా లేచాడు. అతను పొరపాట్ల గురించి మాట్లాడే రకం కాదు. పట్టుబడ్డ మిత్రుడు అతనికి మిత్రుడు కాడు. కోటు లోపలి నుంచి పిస్తోలు బయటికి వచ్చి తేనె ఛాతీ వైపు తిరిగింది.

మొండి ట్రాలీని వేదిక మీద నుంచి తోసేశాడు. మెషీన్ మెట్ల మీద దొర్లుకుంటూ వెళ్లి మూడో వరసలో పడింది. ఆవిరి గొట్టం ఊడి బుస్సున లేచింది. పిస్తోలు పేలి, తూటా పైకప్పు దీపాన్ని కొట్టింది. ఆవిరి తగ్గేసరికి బూడిద కోటు మోకాళ్ల మీద ఉన్నాడు. అతని చెవి వెనక లిప్‌స్టిక్ గొట్టం ఆనించి పగడం నిలబడి ఉంది.

"ఉప్పు అందించినందుకు థ్యాంక్స్," అంది. "కదిలితే ఆగేది నీదే."

సెక్యూరిటీ వాళ్లు తేనె చేతులు వెనక్కి విరిచి కట్టారు. దాటి వెళుతూ ఆయన మొండి దగ్గర ఆగాడు.

"చెయ్యి దానంతటదే నొక్కేసింది తమ్ముడూ. అలవాటు."

"దగ్గుబిళ్ల వేసుకో అన్నా," అన్నాడు మొండి. "చాలా ప్రశ్నలడుగుతారు."

* * *

ఇంకా హాల్లో జనం ఉండగానే పెద్దాయన కాఫీ కప్పు కింద పెట్టాడు. అరచేతులు ఎర్రగా కమిలాయి.

"నా అనుమతి లేకుండా!" అన్నాడు. "నా వేదిక మీద! నా తాళంచెవి!"

"షాపాయన్ని చంపడానికి కూడా వాళ్లు మీ అనుమతి అడగలేదు సార్."

"సస్పెండ్ చేస్తాను."

"చేసుకోండి. గుప్తాన్ని మాత్రం మార్చలేరు."

టింగుమంది పెద్ద తెర. రవాణా ఆయన ఫొటో. 'అనుమతి కోరుతున్నారు.' టింగ్. శిక్షణ ఆయన. టింగ్, టింగ్. సీల్ పడిందన్న వార్త వరస చివరిదాకా పాకింది. విదేశీ ప్రతినిధులందరూ కూర్చుని చూస్తుండగా డిపార్ట్‌మెంట్ అధిపతులందరూ, ఒక్కరూ తప్పకుండా, హోదాలతో సహా తెర మీదికి వచ్చారు. దొంగ దొరికిన సంతోషం ఎవరికీ గుర్తులేదు. హక్కు పోయిన దుఃఖమే మిగిలింది. పెద్దాయన ఒక్కొక్క ఫొటోనీ చూస్తూ ఉండిపోయాడు. ఏమనుకున్నాడో తెలియదు. కరచాలనం బటన్ మాత్రం నొక్కలేదు.

సాయంత్రం మొండి సముద్రం ఎదురుగా బెంచీ మీద కూర్చుని మీసాలు పీకేసుకుంటుంటే, బేస్‌మెంట్ నుంచి తాళాలావిడ ఫోన్ చేసింది.

"నీ పనే! పొద్దుగూకేలోపు ఈ రిక్వెస్టులన్నీ నా నెత్తిన పడ్డాయి. అన్నిటికీ 'నిరాకరించు' కొడుతున్నాను. వేలు నొప్పెడుతోంది గానీ ప్రాణం హాయిగా ఉంది. చివర్న ఒకటి మిగిలింది. ఇది మాత్రం నువ్వు చెప్పు."

"ఎవరిది?"

"పెద్దాయనది. ఫొటోతో సహా."

మొండి రెండో వైపు మీసం కూడా పీకేశాడు. "ఏం రాశాడు కారణం దగ్గర?"

"'నేను చీఫ్‌ని' అని."

"నిరాకరించు."

అవతల టక్‌మన్న చప్పుడు వినిపించింది. ఆవిడ అంత గట్టిగా ఎన్నడూ ఏదీ నొక్కి ఉండదు. "ఇంకో మాట," అంది. "నా గది గడియారం సరిచేశాను. నిజంగానే లేటు."

ఫోన్ పెట్టాడో లేదో మళ్లీ మోగింది. ఇంటి నుంచి.

"ఏమండీ! మా తమ్ముడు ఫోన్ చేశాడు. లక్షణంగా ఉన్నాడు. మీకేమో దగ్గు!" భార్య గొంతులో ఏడుపూ నవ్వూ ఒకే దారంతో కుట్టినట్టున్నాయి. "కంపెనీ వాళ్లు సెలవిచ్చారట. వచ్చి మనింట్లో కొన్నాళ్లు ఉంటానంటున్నాడు. సోఫా ఖాళీయేనా అని బావని ఒక మాట అడగమన్నాడు. ఏం చెప్పమంటారు?"

మొండి పీకేసిన మీసాలు జేబులో కుక్కుకున్నాడు.

"రమ్మను," అన్నాడు.

చీఫ్ నుంచి అటెండర్ దాకా ఎవరికైనా కాదని చెప్పగల ఆ మనిషికి, సొంత సోఫాకి సీల్ వేసే అధికారం మాత్రం ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.